అరువిచ్చిన గొడ్డలి

బేర్ హాలో, హ్యాంప్‌షైర్ కౌంటీ
1787 ఫిబ్రవరి

తమ్ముడు లెమ్యూల్‌కి,

నువ్వు నాకు ఉత్తరం రాసి ఏళ్ళు గడిచాయి. బోస్టన్‌లో పెద్ద లాయరువయ్యావు, పెద్దింటి అల్లుడివయ్యావు, కొండల మధ్య పడి ఉన్న అక్క గుర్తుండకపోవడంలో వింతేముంది! అవసరం నాది కాబట్టి నేనే రాస్తున్నాను.

మీ బావని పట్టుకుపోయారు. పొద్దున్నే కొట్టంలో ఆవు పాలు పితుకుతుంటే వచ్చారు. పాలచెంబు కిందపెట్టే వ్యవధి కూడా ఇవ్వలేదు. మంచులో చేతులు వెనక్కి విరిచికట్టి నార్తాంప్టన్ జైలుకి నడిపించారు. వచ్చినవాళ్ళ టోపీల్లో సర్కారు పక్షం గుర్తుగా తెల్ల కాగితం ముక్కలు, మీ బావ టోపీలో తిరగబడ్డవాళ్ళ గుర్తుగా హెమ్లాక్ చెట్టు రెమ్మ. ఒకప్పుడు వీళ్ళందరూ ఒకే పక్షాన నిలబడి రాజు సైన్యం మీద కాల్పులు జరిపినవాళ్ళే. ఆ వచ్చినవాళ్ళలో ఒకడు మీ బావ దగ్గర తుపాకీ పట్టడం నేర్చుకున్నవాడు. వాడి మొహాన ఉమ్మేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

ఆయన చేసిన నేరం నీకు తెలిసే ఉంటుంది. శరత్కాలంలో కోర్టు కూర్చోకుండా ఊళ్ళవాళ్ళు మెట్ల మీద అడ్డం నిలబడ్డారే, వాళ్ళలో ముందున్నది మీ బావ ఏబ్నరే. కోర్టు కూర్చుంటే పన్ను కట్టలేదని ఒకడి పశువులు, బాకీ తీర్చలేదని ఇంకొకడి పొలం వేలానికి వెళ్ళిపోతాయి. యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళకి జీతం కింద చెల్లని కాగితాలిచ్చి, పన్ను మాత్రం వెండి నాణేల్లో కట్టమంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? తర్వాత సర్కారు ఆయుధశాల మీదికి వెళ్ళినప్పుడూ ఈయన ఉన్నాడు. ఫిరంగులు పేలాయి, అందరూ చెల్లాచెదురయ్యారు. ఈయన ఇల్లు చేరాడు.

అసలు సంగతికి వస్తాను. కోర్టు మెట్ల మీద నిలబడి మీ బావ ఏం చదివాడో తెలుసా? "అధికారమంటే పొరుగువాడికి అరువిచ్చిన గొడ్డలి. వాడు దానితో నా చెట్లే నరుకుతుంటే వెళ్ళి తెచ్చుకుంటాను. నా గొడ్డలి నేను తెచ్చుకోవడానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు." ఎక్కడో విన్నట్టుందా? "కాడి దించినవాడు" అనే పేరుతో పదమూడేళ్ళ కిందట పత్రికలో వచ్చింది. ఈ కొండల్లో ప్రతి సత్రంలోనూ దాన్ని పైకి చదివి వినిపించింది మీ బావే. అది రాసింది తన సొంత బావమరిదేనని ఈ రోజుకీ ఆయనకి తెలియదు. అమ్మ బైబిలు మీద నాచేత ఒట్టు వేయించుకున్నావు కదా!

నా వంటింటి బల్ల మీద కూర్చుని రాశావురా అది. "ఆ లాటిన్ ముక్కలు తీసెయ్, ఎవడికి అర్థమౌతాయి" అని నేను తిడితే తీసేశావు. ఆ గొడ్డలి కూడా నాదే. పక్కింటివాడు మన గొడ్డలి పట్టుకెళ్ళి తిరిగివ్వక ఏడిపిస్తున్నాడని నేను అరుస్తుంటే, నవ్వుతూ రాసేసుకున్నావు.

ఇప్పుడు నవ్వులాట కాదు. రాజద్రోహం కింద విచారణ అంటున్నారు. నువ్వు లాయరువి. బయల్దేరి రా.

కెజియా


బోస్టన్
1787 మార్చి

అక్కయ్య కెజియాకు,

నీ ఉత్తరం అందింది. బావ ఆరోగ్యం ఎలా ఉందో రాయలేదు. జైల్లో చలి ఎక్కువగా ఉంటుంది, ఉన్ని దుప్పటి పంపించు.

నేను రావడం కుదరదు. కారణం చెబితే నువ్వు వినవు, అయినా చెబుతాను. ఆ గొడ్డలి మాట నేను రాసింది రాజు గురించి. రాజును మనం ఎన్నుకోలేదు. సముద్రం అవతల కూర్చుని మన జేబుల్లో చేయి పెట్టాడు. ఈ గవర్నరు మనం ఓట్లేసి కూర్చోబెట్టినవాడు, ఈ చట్టసభ మనది. గొడ్డలి తిరిగి తీసుకునే రోజు ఏడాదికొకసారి వస్తూనే ఉంది, దాని పేరు ఎన్నిక. ఆ రోజు దాకా ఆగలేక దుడ్డుకర్రలు పట్టుకుని కోర్టు మీదికి వెళ్ళినవాడు నా వ్యాసం చదవలేదు, చదివినా అర్థం చేసుకోలేదు.

బావకు ఒక మంచి సలహా. విచారణలో వ్యాసాలూ వాదాలూ ఎత్తవద్దని చెప్పు. తాగి ఉన్నాననీ, ఎవరో రెచ్చగొట్టారనీ, తప్పయిపోయిందనీ చెప్పమను. యుద్ధంలో పనిచేసిన మనిషి కాబట్టి జాలిపడతారు. ఇలాంటి కేసులు నాకు బాగా తెలుసు.

మరొకటి. ఆ కలంపేరు ఉత్తరాల్లో రాయవద్దు. ఉత్తరాలు సత్రాల బల్లల మీద పడి ఉంటాయి, ఎవరు పడితే వాళ్ళు విప్పుతారు.

లెమ్యూల్ ట్రాస్క్


బేర్ హాలో
1787 ఏప్రిల్

లెమ్యూల్,

దుప్పటి పంపించానులే. నీ సలహా కూడా జైలుకి మోసుకెళ్ళి చెప్పాను. మీ బావ వినీ వినగానే, "నేను తాగనని ఊరంతటికీ తెలుసు కదే, అబద్ధమాడినా అతికేట్టుండాలి కదా" అన్నాడు. ఆ ఊచల వెనక నవ్వాడు కూడా.

విచారణ అయిపోయింది. ఉరిశిక్ష వేశారు.

అక్షరాలు అలుక్కుపోతే సర్దుకుని చదువుకో. నేను వెనక బెంచీలో కూర్చున్నాను, పక్కన మా చర్చి పెద్ద డీకన్ ఎబెనేజర్ ఉన్నాడు. సర్కారు లాయరు కడిగిన ముత్యంలా తయారై వచ్చాడు. "ప్రజలు కోర్టు మూయించొచ్చని నీకెవరయ్యా నేర్పింది?" అని అడిగాడు.

"కాడి దించినవాడు, అయ్యా" అన్నాడు ఏబ్నర్.

"ఎవరతను? ఏ ఊరు?"

"తెలీదండీ. ఆయన చెప్పింది నమ్మే బంకర్ హిల్ యుద్ధానికి పోయాను. ఆ రోజు ఏ ఊరాయన, ఎవరి తాలూకు అని మీరెవరూ అడగలేదు."

కోర్టంతా గొల్లున నవ్వింది. జడ్జీ కూడా నవ్వాపుకోవడానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ రుమాలు తీసి పక్కన పెట్టాడు, వెంటనే ఉరి తియ్యమని తీర్పు చెప్పాడు.

ఇదిగో, నేను అడిగేది ఒక్కటే. ఉరి ఆపగలిగేది గవర్నరూ ఆయన సలహామండలీ. నువ్వు వెళ్ళి వాళ్ళ ముందు నిలబడి, "ఈ మనిషి నోట వచ్చిన మాటలు నావి. యుద్ధం రోజుల్లో మీరంతా చప్పట్లు కొట్టిన మాటలే అవి. నేర్పినవాణ్ణి నెత్తిన పెట్టుకుని, నేర్చుకున్నవాణ్ణి ఉరి తీస్తారా?" అని అడుగు. నీ పేరు పెట్టి అడుగు. దానికి వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. నీకేమీ కాదు, నిన్ను ఉరి తియ్యరు. మహా అయితే నీ మామగారు నాలుగు రోజులు మొహం ముడుచుకుంటాడు.

మనిషి ప్రాణంరా. నిన్ను భుజాల మీద మోసుకుని నది దాటించిన మనిషి. అడుక్కుంటున్నాను అనుకో, నాకేం సిగ్గు లేదు.

కెజియా


బోస్టన్
1787 మే మొదట్లో

అక్కయ్యకు,

తీర్పు విని బాధపడ్డాను. నిజంగానే బాధపడ్డాను, నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

నువ్వు అడిగింది నేను చేయలేను. నీకు కనిపించేది ఒక్క మెడ. నాకు కనిపించేది చెబుతాను, కోపం కాసేపు పక్కన పెట్టి విను. మన రాష్ట్రానికి రాజ్యాంగం రాసుకుంటున్న రోజుల్లో ఊరూరా సభలు పెట్టి తీర్మానాలు చేశారు. ఆ తీర్మానాల్లో ఎన్నో చోట్ల నా వాక్యం ఉన్నది ఉన్నట్టుగా దిగింది. పేరులేని మాట కాబట్టే ప్రతి ఊరూ అది తన మాటే అనుకుంది. ఈ వేసవిలో అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఫిలడెల్ఫియాలో కూర్చుంటున్నారు, మొత్తం దేశానికి ఒక కట్టుబాటు రాయడానికి. మా వాళ్ళలో కొందరు ఆ పాత వ్యాసాలు సంచిలో పెట్టుకుని వెళుతున్నారు. అధికారం అరువు సొమ్మేననీ, ఇచ్చింది ప్రజలేననీ అక్కడ వాదించబోతున్నారు. సరిగ్గా ఇప్పుడు నేను లేచి, ఆ మాట రాసింది నేను, దాన్ని నమ్మినవాడు ఇదిగో ఈ తిరుగుబాటుదారు అంటే ఏమవుతుంది? ప్రజల్ని నమ్మనివాళ్ళు ఎగిరి గంతేస్తారు. చూశారా, ప్రజలకు అధికారమంటే జరిగేది ఇదీ అంటారు. ఆ మాట ఎప్పటికీ దొమ్మీగాళ్ళ మాటగానే మిగిలిపోతుంది.

నా స్వార్థం కూడా ఉంది, కాదనను. ఈ కౌంటీ జడ్జీ పదవికి నా పేరు అనుకుంటున్నారు.

క్షమాభిక్షకు అర్జీ ఎలా రాయాలో నమూనా పంపుతున్నాను. దాని మీద ఊరివాళ్ళ సంతకాలు పెట్టించు.

లెమ్యూల్


బేర్ హాలో
1787 మే

నీ అర్జీ నమూనా పొయ్యిలో పెట్టాను. మా అర్జీ మేమే రాసుకున్నాం, డీకన్ పట్టుకెళ్ళాడు.

వస్తూ వస్తూ ఆయన ఒక బోస్టన్ పత్రిక తెచ్చాడు. "చూడమ్మా కెజియా, ఎవడో మాన్లియసట, మనవాళ్ళని ఉరి తియ్యాల్సిందేనంటున్నాడు" అని మా వంటింట్లో కూర్చుని పైకి చదివాడు. కన్నకొడుకునే చంపించిన రోమనువాడి పేరట అది, డీకనే చెప్పాడు. బాగానే వెతికి పెట్టుకున్నాడు పేరు అనుకున్నాను. తర్వాత ఈ ముక్క వచ్చింది: "మేపుల్ చెట్టు రసం పాకంగా కాచే కడాయి మీద ఉప్పు పంది మాంసం ముక్కొకటి తాడుతో వేలాడదీస్తారు. పొంగు పైకొచ్చి దానికి తగలగానే అణిగిపోతుంది. పొంగుతున్న ఈ రాజ్యం మీద కూడా ఒకటి రెండు శరీరాలు వేలాడనివ్వండి."

ఒరేయ్! మీ బోస్టన్ పెద్దమనుషుల్లో ఎవడైనా జన్మలో మేపుల్ రసం కాచాడురా? ఆ కడాయి మన అమ్మది. ఆ తాడు కట్టడానికి నిచ్చెనెక్కేవాడివి నువ్వు.

మీ బావని పంది మాంసం ముక్కని చేశావు. రానన్నావు, పేరు పెట్టనన్నావు, పిరికివాడు పోనీ అనుకున్నాను. ఉరి బిగించమని రాసింది కూడా నువ్వేనా! నీ నోట్లో దుమ్ము పడ. ఏ చేత్తో రాశావురా?

జవాబు రాయకు.

కెజియా


బోస్టన్
1787 జూన్

కెజియా,

రాయవద్దన్నావు. రాయక తప్పడం లేదు.

అవును, మాన్లియస్ నేనే. నమ్మే రాశాను. ఇంట్లో మనిషి కాబట్టి కలం పక్కన పెట్టెయ్యాలా? మన బంధువులకొక న్యాయం, ఊరివాళ్ళకొక న్యాయం అనే పద్ధతి రాజులది. దాన్ని కాదనే కదా యుద్ధం చేశాం! ఏబ్నర్ అన్న పేరు నేనెక్కడా రాయలేదు.

ఇక నీ సంగతి. పోయిన వారం పత్రికలో "కాడి దించినవాడు" మళ్ళీ వచ్చాడు. పదమూడేళ్ళ తర్వాత! నా ముందు కాఫీ కప్పు ఒలికిపోయింది. మొత్తం గుర్తుంది నాకు, ఎందుకంటే ఎదురైన ప్రతివాడూ నాకే చదివి వినిపిస్తున్నాడు: "మాన్లియస్ గారూ, మీరు తాడు పట్టుకుని తప్పు ఇంటికి వెళ్ళారు. వాళ్ళని చెడగొట్టింది నేను. ముందు నన్ను ఉరి తీయండి. తర్వాత నా వ్యాసం కత్తిరించి పెట్టెలో దాచుకున్న ప్రతి పెద్దమనిషినీ వరసలో నిలబెట్టండి. ఊరి సభలో నా మాట చదివి చెయ్యెత్తినవాళ్ళని, నా పేరు చెప్పి విందుల్లో గ్లాసులెత్తినవాళ్ళని నిలబెట్టండి. అందరూ అయిపోయాక తాడు మిగిలితే, నా మాట నిజమనుకున్న ఆ రైతుల దగ్గరికి వెళ్ళండి."

లాటిన్ ముక్క ఒక్కటి లేదు. మొదటి వాక్యం దగ్గరే నాకు తెలిసిపోయింది ఎవరి పనో. ఈ ఊరివాళ్ళకి తెలియదు కదా! కలంపేరు చూశారు, పాత మనిషే తిరిగొచ్చాడనుకున్నారు. ఆ పాత మనిషి నేనని చాలామందికి తెలుసు, ఒక్కొక్కరికీ చెవిలో చెప్పింది నేనే. అలా చెప్పుకునే ఇంత దూరం వచ్చాను, నీ దగ్గర దాచడం దేనికి. దారిలో ఆపి చేతులు పట్టుకుని ఊపేస్తున్నారు. "ఏం రాశావయ్యా ట్రాస్క్! రాత్రంతా నిద్ర పట్టలేదు" అంటున్నారు. ఒక ముసలాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను కాదంటే వినయం అనుకుంటున్నారు.

ఆ పేరు నాది. దొంగతనం చేశావు. వెంటనే పత్రికవాడికి రాసి, అది నీ రాతేనని చెప్పు.

లెమ్యూల్ ట్రాస్క్


బేర్ హాలో
1787 జూన్ చివర

లెమ్యూల్,

మీ బావ బతికాడు. ముందు అది విను, తర్వాత ఎంత ఏడుస్తావో ఏడువు.

ఉరి రోజున నార్తాంప్టన్ వీధుల్లో తిరునాళ్ళంత జనం. అల్లం రొట్టెలు అమ్ముతున్నారు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. పద్ధతి ప్రకారం ముందు పాదిరీగారి ప్రసంగం. పాపం గురించి గంటసేపు చెప్పాడు మహానుభావుడు. మీ బావ ముందు బెంచీలో కూర్చుని శ్రద్ధగా విన్నాడు, పాపం తనది కానట్టు. తర్వాత బండెక్కించి, తన శవపేటిక మీదే కూర్చోబెట్టి ఊరేగించారు. నేను బండి వెనక నడిచాను. నన్ను చూసి, "ఇంటికి పోవే, ఇదేం చూస్తావు" అన్నాడు. "పోను" అన్నాను. "మొండిదానివి" అన్నాడు. మాకు మిగిలిన మాటలు అవేననుకున్నాను.

మెడకి తాడు వేశారు. షెరీఫు చేయి జేబులో పెట్టాడు, గడియారం చూసుకుంటాడనుకున్నాను. ఒక కాగితం తీసి చదివాడు. గవర్నరుగారు ఉరి ఆపారట. ఆ కాగితం పొద్దుటినుంచీ అతని జేబులోనే ఉందట, లెమ్యూల్! పాదిరీగారికీ తెలుసు. మాకు బుద్ధి రావాలని, ఊరు చూసి భయపడాలని, తాడు మెడకి తగిలేదాకా దాచి ఉంచారు. అదే కదా నీ కడాయి లెక్క. తగిలించి తీశారు. జనం టోపీలు ఎగరేశారు. నేను ఆ షెరీఫు చొక్కా పట్టుకున్నాను, డీకన్ లాగేశాడు కాబట్టి సరిపోయింది.

తర్వాత వారానికి ఇంటికి పంపించారు. తుపాకీ లాక్కున్నారు, విధేయత ప్రమాణం చేయించారు, మూడేళ్ళపాటు ఓటు లేదన్నారు. ఏడాదికొకసారి గొడ్డలి అడిగే రోజు వస్తుందన్నావే, ఆ రోజూ తీసేశారు. మనిషి మాత్రం ఇంట్లో ఉన్నాడు. అది చాలు నాకు.

ఇక నీ పేరు దొంగతనం సంగతి. ఎవడి పేరురా? తల్లీ తండ్రీ పెట్టిందా? కాడి మోసిన మనిషి ఎవడైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. నువ్వు ఏనాడూ మోయలేదు, దించనూ లేదు. నా బల్ల మీద కూర్చుని మొక్కజొన్న రొట్టె తింటూ రాశావు. పత్రికవాడికి నేనేమీ రాయను. కావాలంటే అది నీది కాదని నువ్వే రాసుకో. అప్పుడు వాళ్ళు, మరి నీదేదయ్యా అని అడుగుతారు. మాన్లియస్‌ని చూపించు.

కెజియా


బోస్టన్
1787 జూలై

కెజియా,

బావ విడుదల నాకు నీకంటే ముందే తెలుసు. నీ వ్యాసం వల్లే వదిలేశారని ఊరంతా చెప్పుకోవద్దు. కొత్త గవర్నరు ఎన్నికైనప్పుడే ఎవరినీ ఉరి తియ్యకూడదని దాదాపు అనుకున్నారు. నువ్వు రాసినా రాయకపోయినా ఆ కాగితం వచ్చేదే.

నాకు జరిగింది మాత్రం అచ్చంగా నీవల్లే. మాన్లియస్ నేనని తెలిసినవాళ్ళు కొందరున్నారు, కాడి దించినవాడు నేనని తెలిసినవాళ్ళు ఇంకొందరున్నారు. వీళ్ళూ వాళ్ళూ నా మామగారింట్లోనే ఒక బల్ల దగ్గర కలిశారు. ఒకరు మాన్లియస్‌గా నన్ను పొగిడారు. ఇంకొకరు, "అదేమిటండీ, మాన్లియస్‌ని ఉతికి ఆరేసింది ఈయనే కదా" అన్నారు. బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. మామగారు నా వైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను. గోడమీద పిల్లి అన్నారట నన్ను. రెండు వైపులా రాసి, ఏది గెలిస్తే దాని పక్కన నిలబడదామనుకున్నాడన్నారట. జడ్జీ పదవి వేరొకరికి ఇచ్చారు. నా భార్య పుట్టింటికి వెళ్ళింది, ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

నీకు పోయేదేమీ లేదు. అది రాసింది నేను, ఫలానా ఏబ్నర్ కొల్టన్ భార్యని అని ఒక్క ముక్క రాసి సంతకం చెయ్యి. ఆడమనిషి రాసిందంటే నమ్మరేమోనని నీ భయమా? నమ్మిస్తాను. ఇది నేను అడుక్కోవడం లేదు. తప్పు చేశావు, దిద్దుకో అంటున్నాను.

లెమ్యూల్


బేర్ హాలో
1787 ఆగస్టు

లెమ్యూల్,

చెయ్యను. ప్రాణం కోసం నిన్ను ఒక్క సంతకం అడిగితే, దేశం, ఫిలడెల్ఫియా, రాజ్యాంగం అని కబుర్లు చెప్పావు. పదవి కోసం నువ్వడిగితే నేను చెయ్యాలా? ఎంత చల్లగా అడిగావురా!

ఆ రోజు అమ్మ బైబిలు మీద నాచేత ఒట్టు వేయించుకుంటూ ఏమన్నావు? "పేరు లేకపోతేనే మాట సొంతకాళ్ళ మీద నిలబడుతుంది అక్కా" అన్నావు. నాది నిలబడింది. నీది పడింది. నన్నేం చెయ్యమంటావు?

కానీ ఆ ఒట్టు తప్పాను, అది చెప్పడానికే ఈ ఉత్తరం. మీ బావ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ధ్యాస. "ఆ కాడి దించినవాడు ఎవరో గానీ కెజియా, నా కోసం మళ్ళీ కలం పట్టాడే! ముక్కూ మొహం తెలీని మనిషి" అని తలుచుకుని తలుచుకుని పొంగిపోతున్నాడు. భోజనం ముందు ప్రార్థనలో ఆ మనిషిని దీవించమని దేవుణ్ణి అడుగుతున్నాడు. రెండు పూటలా నేను ఆమెన్ అనాలి. ఎన్నాళ్ళని అంటాను? ఒక రోజు చెప్పేశాను. మొదటిది రాసింది నీ బావమరిది, నిన్ను ఉరి తియ్యమన్నది కూడా వాడే, చివరిది మాత్రం నేను అన్నాను.

అరుస్తాడనుకున్నాను. లేచి బయటికి వెళ్ళి, పొద్దుపోయేదాకా రాళ్ళగోడ సర్దుకుంటూ కూర్చున్నాడు. లోపలికొచ్చి నా నెత్తి మీద చేయి పెట్టాడు. సోమవారం పొద్దున్న బూట్లు వేసుకుంటున్నాడు. "ఎక్కడికి?" అన్నాను. "బోస్టన్‌కి. లెమ్యూల్‌ని ఒకటి అడగాలి" అన్నాడు.

ఏం అడుగుతాడో నాకు తెలియదు. చేతిలో ఏమీ లేదు, తుపాకీ సర్కారు దగ్గరుంది. అయినా ఆ చేతులు నువ్వు చూశావు కదా. ఆపమని నన్ను అడక్కు, ఆపలేదు. ఈ ఉత్తరం టపా గుర్రం మీద వస్తుంది కాబట్టి ఆయనకంటే ముందే నీకు చేరుతుంది. తలుపు వేసుకుంటావో, తీస్తావో నీ ఇష్టం.

కెజియా


బోస్టన్
1787 ఆగస్టు చివర

కెజియా,

వచ్చాడు.

నీ ఉత్తరం చదివి పనివాళ్ళతో తలుపు గడియ వేయించాను. నిజమే చెబుతున్నాను, భయపడ్డాను. తలుపు తట్టాడు. నేను లేనని చెప్పించాను. మెట్ల మీద కూర్చున్నాడు. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నారు, ఎవరా అని ఆగుతున్నారు. చివరికి నేనే తీశాను. మనిషి సగమయ్యాడు. లోపలికి రమ్మంటే, "బూట్లకి బురద ఉంది" అని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కూర్చోలేదు, మంచినీళ్ళు కూడా తీసుకోలేదు.

"కోప్పడ్డానికి రాలేదు లెమ్యూల్" అన్నాడు. "రెండూ నువ్వే రాశావంటోంది మీ అక్క. రెంట్లో ఏది నమ్మి రాశావు? అది తెలిస్తే చాలు, పోతాను."

అబద్ధం చెప్పొచ్చు. మొదటిదే అంటే ఆ పిచ్చి మనిషి నన్ను కౌగలించుకునేవాడు. చెప్పలేకపోయాను. "రెండూ నమ్మే రాశాను. అప్పుడు అది నిజం, ఇప్పుడు ఇది నిజం" అన్నాను.

బావ చాలా మామూలుగా, పొలం పని గురించి మాట్లాడినట్టు అన్నాడు: "నేను ఒక్కటే నమ్మాను. దానికి మెడ ఇచ్చాను. నువ్వు రెండు నమ్మావు కదా, దేనికేమిచ్చావు?"

నా జవాబు కోసం ఆగలేదు. టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు. పిలవాలనుకున్నాను, వీధిలో జనం ఉన్నారని పిలవలేదు. ఇది కూడా రాసుకో నా ఖాతాలో.

నిన్ను నేను క్షమించలేదు, క్షమించను. నా పేరుతో నా మీదే రాశావు, నా ఇల్లు కూల్చావు, దానికి సంతోషిస్తున్నావు కూడా. నీకు వచ్చింది కోపమే అయితే నాలుగు తిట్టి ఊరుకునేదానివి. నీది కోపం కాదు, కక్ష.

ఈ వారం పత్రిక చూడు. పాత వ్యాసమూ మాన్లియస్ వ్యాసమూ పక్కపక్కనే మళ్ళీ వేయమని ఇచ్చాను. పత్రికవాడు నాకు పిచ్చెక్కిందనుకున్నాడు, రెండుసార్లు అడిగాడు. రెండింటి కిందా లెమ్యూల్ ట్రాస్క్ అని ఉంటుంది. దాంతో ఈ ఊళ్ళో నాకు కక్షిదారులు కూడా మిగలరు. నీకోసం చేసింది కాదు ఇది, నువ్వు పొంగిపోవద్దు.

వాటి పక్కన మూడోదిగా నీ వ్యాసం కూడా వేసి, దాని కింద పేరు చోట ఖాళీ వదలమన్నాను. అక్కడ పేరు పెడతావో లేదో ఇక నువ్వు తేల్చుకో.

లెమ్యూల్ ట్రాస్క్